రోదసి వ్యాపారానికి పూచీ ఎవరిది?

2021వ సంవత్సరం జూలై 20వ తేదీన అమెరికాలోని పశ్చిమ టెక్సాస్ ఎడారిలో ఒక మహాసంపన్నుడు తన సొంత కంపెనీ నిర్మించిన రాకెట్టులో కూర్చొని, నూరు కిలోమీటర్లకు పైగా ఎగసి, పది నిమిషాలలో తిరిగి నేలకు దిగాడు. ఆయన పేరు జెఫ్ బెజోస్. అమెజాన్ అనే బృహత్ వ్యాపార సంస్థకు స్థాపకుడు. దిగిన పిమ్మట విలేఖరుల ఎదుట ఆయన అమెజాన్‌లో పనిచేసే ప్రతి ఉద్యోగికీ, అక్కడ సరుకు కొన్న ప్రతి ఖాతాదారుకూ కృతజ్ఞతలు చెప్పి, ఈ ఖర్చంతా భరించినది మీరేనని అన్నాడు. ఆ మాటను కొందరు గేలి చేశారు, కొందరు ఆగ్రహించారు. మేము మాత్రం దానిని విలువైన వాంగ్మూలంగా భావిస్తున్నాము. రోదసి వ్యాపారానికి ఆద్యులుగా పేరుపడిన పెట్టుబడిదారులలో ఇంత సూటిగా నిజం చెప్పినవారు అరుదు. అయితే అది సగం నిజమే. ఉద్యోగి తన శ్రమతోనూ, ఖాతాదారు తన డబ్బుతోనూ భరించినది ఒక భాగం. పన్ను చెల్లించే సామాన్య పౌరుడు భరించినది మరొక భాగం. ఆ రెండవ పద్దు గురించి ఆనాడు ఎవరూ మాట్లాడలేదు.

రైలు బండికీ తపాలా సంచికీ రోదసితో పనియేమి అని మన పాఠకులు అడగవచ్చును. పని ఉన్నది. ప్రభుత్వ శాఖలు చేతగానివి, ప్రైవేటు సాహసికులు ఏకంగా ఆకాశాన్నే జయించినారు చూడండి అన్న వాదం నేడు తరచుగా వినవస్తున్నది. ఆకాశం నుంచి మొదలైన ఆ వాదం చివరకు మన ప్లాట్‌ఫారానికీ, మన సార్టింగ్ బల్లకూ దిగివస్తుంది. అందుచేత ఆ సాహసికుల చరిత్రను ఒకసారి నిదానంగా తిరగవేయవలసిన అవసరం కలిగింది.

రాకెట్టును సొంత పూనికతో తలపెట్టిన తొలితరంవారిలో మన తపాలా చరిత్రకు చెందినవాడే ఒకడున్నాడు. కలకత్తా నివాసి స్టీఫెన్ స్మిత్. 1934 సెప్టెంబరు 30వ తేదీన ఆయన ఓడ మీది నుంచి సాగర్ ద్వీపం వైపు ఉత్తరాలు నింపిన రాకెట్టును వదిలాడు. అది గాలిలోనే పేలి ఉత్తరాలు చెల్లాచెదరయ్యాయి. ఆయన వెనుకాడలేదు. మరుసటి సంవత్సరం సిక్కిం మహారాజు ప్రోత్సాహంతో కొండలోయల మీదుగా ప్రయోగాలు చేశాడు. దామోదర్ నది ఆవలి ఒడ్డుకు ఒక కోడిపుంజునూ పెట్టనూ పంపి, ప్రాణాలతో దింపాడు. సుమారు 270 ప్రయోగాలు చేసినట్లు చెబుతారు. కోటీశ్వరుడు కాడు, కాంట్రాక్టులు లేవు, బాణసంచా తయారీదారులిచ్చిన గొట్టాలూ, స్టాంపుల సేకర్తల ఆదరణా తప్ప వేరే పెట్టుబడి లేదు. 1992లో మన తపాలా శాఖ ఆయన పేరిట ఒక స్టాంపు వెలువరించినది. సొంత పూచీ మీద సాహసం చేసినవాడు అని నిస్సంశయంగా చెప్పదగిన మనిషి మాకు ఈ చరిత్రలో కనిపించినంతవరకు ఆయనే.

వ్యాపార దృష్టితో రోదసిలోకి కాలుపెట్టదలచిన తొలి కంపెనీ పశ్చిమ జర్మనీలో 1975లో పుట్టిన ఓట్రాగ్. దాని స్థాపకుడు లుట్జ్ కైజర్. ఆలోచన చక్కనిదే. ఖరీదైన ఒక పెద్ద రాకెట్టుకు బదులు చవకగా పెద్ద సంఖ్యలో తయారయ్యే గొట్టాలను కట్టలుగా కట్టి ఎగరవేయవచ్చునని ఆయన నమ్మకం. మోటారు కార్ల అద్దాలు తుడిచే చిన్న మోటార్లనే కవాటాలు తిప్పడానికి వాడాడట! పనిముట్టును ఎరిగిన చేతికి ముచ్చట కలిగించే సంగతి ఇది. కాని పెట్టుబడి పెట్టిన జర్మన్ ధనికులకు ఆకర్షణ రాకెట్టు కాదు, నష్టాన్ని చూపి ఆదాయపు పన్ను తగ్గించుకొనే వీలు. ప్రయోగస్థలం కోసం జైర్ దేశాధినేత మొబుటూతో ఒప్పందం చేసుకొని లక్ష చదరపు కిలోమీటర్ల భూభాగాన్ని పుచ్చుకొన్నారు. అక్కడి జనం సమ్మతి ఎవరూ అడగలేదు. 1977 మేలో మొదటి రాకెట్టు ఎగిరింది. 1978లో మొబుటూ కళ్ళెదుటనే ఒకటి కూలింది. ఇరుగుపొరుగు దేశాలూ సోవియట్ యూనియనూ అభ్యంతరం తెలుపగా 1979లో కంపెనీ అక్కడినుంచి మూటముల్లె సర్దుకొన్నది. ఆ తరువాత లిబియాకు తరలింది.

అమెరికాలో ఆ పని మొదట చేసినవాడు టెక్సాస్ స్థలాల వ్యాపారి డేవిడ్ హానా. ఆయన తొలి రాకెట్టు పెర్షెరాన్ 1981 ఆగస్టులో మాటగోర్డా ద్వీపంలో నేల మీదనే పేలిపోయింది. 1982 సెప్టెంబరు 9వ తేదీన కోనెస్టోగా అనే రెండవ రాకెట్టు మూడు వందల కిలోమీటర్లకు పైబడి ఎగిరింది. ప్రైవేటు సొమ్ముతో రోదసిని తాకిన మొదటి రాకెట్టుగా చరిత్రకెక్కింది. దాని గుండెకాయ ఏమిటి? మినిట్‌మన్ అనే అణ్వస్త్ర క్షిపణికై ప్రజాధనంతో తయారైన మోటారు. దానిని నాసా నుంచి కొన్నారు. ప్రయోగాన్ని నడిపినవాడు డీక్ స్లేటన్, నాసా ఎన్నుకొన్న తొలి ఏడుగురు వ్యోమగాములలో ఒకరు. ఇందులో దోషం ఏమీ లేదు. కాని ఇది మొక్క కాదు, అంటుకొమ్మ. వేరు ప్రభుత్వ భూమిలో ఉన్నది.

1996లో పీటర్ డయామండిస్ అనే ఔత్సాహికుడు సెయింట్ లూయిస్ నగరంలో కోటి డాలర్ల బహుమతి ప్రకటించాడు. ముగ్గురు మనుషుల బరువు మోయగల నౌకను నూరు కిలోమీటర్ల ఎత్తుకు పంపి, రెండు వారాలలో అదే నౌకతో మళ్ళీ ఆ పని చేసినవారికి ఆ సొమ్ము. విశేషమేమంటే ప్రకటించిన నాటికి ఆయన చేతిలో ఆ కోటి లేదు. కొన్నేళ్ళ తరువాత ఇరాన్‌లో పుట్టిన అన్సారీ కుటుంబం ఆదుకొనగా, ఎవరూ గెలవరన్న లెక్కతో ఒక భీమా సంస్థ బహుమతికి పూచీపడినది. ఈ బహుమతికి స్ఫూర్తి 1927లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా దాటిన లిండ్‌బర్గ్ గెలిచిన పందెం. ఆయన అంతకుముందు చేసిన ఉద్యోగం సెయింట్ లూయిస్ నుంచి షికాగోకు విమానంలో తపాలా మోయడమని మన పోస్టల్ మిత్రులకు మనవి చేస్తున్నాము.

బహుమతిని మొహావీ ఎడారిలోని బర్ట్ రుటాన్ గెలిచాడు. సొమ్ము మైక్రోసాఫ్ట్ భాగస్థాపకుడు పాల్ ఆలెన్‌ది. రెండు కోట్ల డాలర్లకు పైగా పెట్టాడు. 2004 జూన్ 21వ తేదీన మైక్ మెల్విల్ అనే అరవైయ్యేళ్ళు దాటిన పైలట్ స్పేస్‌షిప్ వన్ అనే చిన్న నౌకలో నూరు కిలోమీటర్ల గీటు దాటాడు. అక్టోబరు 4వ తేదీన పందెం పూర్తయింది. రుటాన్ నిజంగా మేధావి. తిరుగుప్రయాణంలో రెక్కను మధ్యకు మడిచి, షటిల్ బంతి మాదిరి గాలిలో తనంతట తానే నిలదొక్కుకొనే ఏర్పాటు ఆయనదే. దానిని ఏ ప్రభుత్వ ప్రయోగశాలా ఆయన చేతిలో పెట్టలేదు. ఆయన పనితనానికి మేము నమస్కరిస్తున్నాము.

నమస్కరించిన చేతితోనే తరువాతి పుట తిప్పుతున్నాము. 2007 జూలై 26వ తేదీన అదే కార్ఖానాలో నైట్రస్ ఆక్సైడు ప్రవాహ పరీక్ష జరుగుతున్నది. ఇంజను వెలిగించడం కూడా కాదు, వాయువును గొట్టం గుండా పంపి చూడడం మాత్రమే. ట్యాంకు పేలి ముగ్గురు ఉద్యోగులు మరణించారు, ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు. చనిపోయినవారు పరికరానికి కొద్ది గజాల దూరంలో, కంచె పక్కన నిలబడి ఉన్నారు. కాలిఫోర్నియా రాష్ట్ర కార్మిక భద్రతా శాఖ విచారించి, ప్రమాదాన్ని గూర్చి ఉద్యోగులకు తగిన శిక్షణ ఇవ్వలేదని తేల్చి విధించిన జరిమానా 25,870 డాలర్లు. ఆ కార్ఖానా గెలిచిన బహుమతి కోటి డాలర్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడవలసినదిగా పాఠకులను కోరుతున్నాము. 2014 అక్టోబరు 31వ తేదీన తరువాతి నౌక గాలిలో ముక్కలై ఒక సహపైలట్ ప్రాణం పోయింది. మడిచే రెక్క తాళాన్ని ఆయన కొద్ది క్షణాలు ముందుగా తీశాడు. మనిషి చేసే ఒక్క పొరపాటు నౌకను కూల్చవచ్చునని నిర్మాతలు ముందుగా ఊహించి కట్టడి చేయలేదని జాతీయ రవాణా భద్రతా మండలి వ్రాసినది. సిగ్నల్ కేబిన్‌లో పనిచేసినవారికి ఈ వాక్యం అర్థం వివరించనక్కరలేదు. ఒక లివరు లాగితే దానికి విరుద్ధమైన లివరు కదలకుండా పట్టే ఇంటర్‌లాకింగ్ రైల్వేలలో నూరేళ్ళకు పైబడి ఉన్నది. అది ఎన్నో రక్తపాతాల తరువాత వచ్చినది.

ఇక అందరి నోటా వినిపించే పేరు ఎలన్ మస్క్. 2002లో తన ఇంటర్నెట్ చెల్లింపుల కంపెనీ అమ్మకం వలన వచ్చిన సొమ్ములో దాదాపు పది కోట్ల డాలర్లు పెట్టి స్పేస్ ఎక్స్‌ను నెలకొల్పాడు. ఫాల్కన్ వన్ అనే అతని తొలి రాకెట్టు 2006లో, 2007లో, 2008 ఆగస్టులో వరుసగా మూడు పర్యాయాలు విఫలమైనది. నాలుగవది 2008 సెప్టెంబరు 28వ తేదీన కక్ష్యను చేరుకొన్నది. కథ చెప్పేవారు సాధారణంగా ఇక్కడ ఆపి చప్పట్లు కొడతారు. చెప్పకుండా విడిచే భాగం ఇది: 2006 ఆగస్టులోనే, ఒక్క రాకెట్టయినా కక్ష్య చేరకముందే, నాసా ఆ కంపెనీకి 27 కోట్ల 80 లక్షల డాలర్ల సహాయం మంజూరు చేసింది. 2008 డిసెంబరులో, కంపెనీ ఖజానా దాదాపు అడుగంటిన సమయాన, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పన్నెండు పర్యాయాలు సరుకు చేర్చడానికి 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఆ ఆనందంలో తన కంప్యూటర్ రహస్యపదాన్నే నాసాపై ప్రేమను చాటే మాటగా మార్చుకొన్నానని మస్క్ స్వయంగా చెప్పుకొన్నాడు. మూడు వైఫల్యాలను చవిచూసిన ప్రయోగస్థలం పసిఫిక్ మహాసముద్రంలోని క్వాజలీన్, అమెరికా సైన్యపు క్షిపణి పరీక్షా క్షేత్రం. ఇంజనులో ఇంధనాన్ని చిమ్మే ఏర్పాటు చంద్రునిపై దిగిన అపోలో నౌక ఇంజను వంశానికి చెందినది. డ్రాగన్ నౌకను దహనం నుంచి కాపాడే కవచ పదార్థం నాసా ప్రయోగశాలలో పుట్టినది. అపోలో 11 బయలుదేరిన ప్రయోగవేదికనే 2014లో 20 సంవత్సరాల కౌలుకు పుచ్చుకొన్నారు.

ఇదంతా చదువుతుంటే మన రైల్వే ఉద్యోగులకు ఒక పాత కథ స్ఫురించక మానదు. 1849లో ఈస్టిండియా కంపెనీ ప్రైవేటు రైల్వే కంపెనీలతో ఒప్పందాలు చేసుకొన్నది. భూమి ఉచితం. పెట్టిన పెట్టుబడిపై 5 శాతం వడ్డీకి ప్రభుత్వ గ్యారంటీ. రాబడి తక్కువైతే లోటును భారతీయ రైతు కట్టిన శిస్తులో నుంచి పూడుస్తారు. లండన్‌లోని వాటాదారు కాలు కదపకుండా వడ్డీ లెక్కించుకొన్నాడు. ఎంత దుబారా చేసినా వడ్డీ ఆగదు గనుక పొదుపు ఎవరికీ పట్టలేదు. మన తెలుగునాట ఒక రైల్వేకు ఆ మాట పేరులోనే ఉండేది: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. గ్యారంటీ నిజాం ఖజానాది, లాభం కంపెనీది. 1930లో నిజాం ప్రభుత్వం దానిని కొనుక్కొనవలసివచ్చింది. ప్రైవేటు సాహసం అని పేరు పెట్టి ప్రజల పూచీపై నడపడం కొత్త విద్య కాదు.

తపాలా శాఖ మిత్రులకు కూడా ఇందులో పాలు ఉన్నది. అమెరికాలో 1918 నుంచి విమాన తపాలాను నడిపినది ప్రభుత్వ తపాలా శాఖే. సొంత పైలట్లు, సొంత విమానాలు. రాత్రి ప్రయాణానికై ఖండం పొడుగునా దీపస్తంభాలు నాటించినది కూడా ఆ శాఖే. తొమ్మిది సంవత్సరాలలో ముప్పై మందికి పైగా పైలట్లు ఆ పనిలో ప్రాణాలు విడిచారు. దారి పడిన తరువాత, 1925లో చట్టం చేసి తపాలా మోతను ప్రైవేటు కంపెనీలకు కాంట్రాక్టుకు ఇచ్చారు. ఆ కాంట్రాక్టుల పాలు త్రాగి పెరిగినవే అమెరికా పెద్ద విమాన కంపెనీలు. నాసా సరుకు కాంట్రాక్టులను సమర్థించినవారు ఈ ఉదాహరణనే గర్వంగా ఉటంకించారు. మేము కూడా దానినే ఉటంకిస్తున్నాము. అయితే దీపస్తంభాలతో పాటు చనిపోయిన పైలట్లను కూడా కలిపి చెబుతున్నాము.

ఇంతమాత్రాన ప్రైవేటువారు చేసినదేమీ లేదని అనడం న్యాయం కాదు. అట్టి మాట మన పత్రికకు శోభించదు. 2011లో నాసా స్వయంగా లెక్కవేసి, ఫాల్కన్ 9 రాకెట్టును తన పాత పద్ధతిలో తయారు చేసి ఉంటే దాదాపు 400 కోట్ల డాలర్లు అయ్యేదని అంచనాకు వచ్చింది. ఆ కంపెనీకి అయినది సుమారు 30 కోట్లు. 2015 డిసెంబరు 21వ తేదీన అదే కంపెనీ, కక్ష్యకు ఉపగ్రహాలను పంపిన రాకెట్టు మొదటి అంచెను తిరిగి నిలువుగా నేలపై దింపినది. పెద్ద పెద్ద ప్రభుత్వ సంస్థలు సాధించని కార్యమది. దశాబ్దాల తరబడి కాంట్రాక్టర్లకు ఖర్చుపై లాభం కట్టియిస్తూ పోయిన పాత విధానం కూడా ప్రైవేటు గుత్తాధిపతులకు మేలు చేసినదే గాని ప్రజలకు కాదు. బెజోస్ వెంట ఆనాడు ఎగిరినవారిలో వాలీ ఫంక్ అనే 82 ఏళ్ళ మహిళ ఉన్నారు. 1961లో వ్యోమగాములకు పెట్టే వైద్య పరీక్షలలో నెగ్గి కూడా, ప్రభుత్వం స్త్రీలకు తలుపు మూసినందున ఆమె అరవై సంవత్సరాలు వేచియున్నారు. ఆ అవమానం ప్రభుత్వ పద్దులోనే వ్రాయవలసి ఉంటుంది.

మా అభ్యంతరం యంత్రంతో కాదు, లెక్కల పుస్తకంతో. అందులో స్థాపకుని పేరు పెద్ద అక్షరాలలో ఉన్నది. ప్రజాధనం చిన్న అక్షరాలలో ఉన్నది. కార్మికుని పేరు అసలే లేదు. 2014లో టెక్సాస్‌లోని స్పేస్ ఎక్స్ పరీక్షా కేంద్రంలో ఒక కార్మికుడు, కట్టడానికి తాళ్ళు లేనందున, ట్రెయిలర్‌పై ఉన్న తేలికపాటి సరుకు ఎగిరిపోకుండా తన ఒంటి బరువుతో అదిమి కూర్చొన్నాడు. గాలి విసురుకు క్రింద పడి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. తాడుతో జరగవలసిన పనికి మనిషిని వాడిన సంఘటన అది. ఆ సంవత్సరం మొదలు ఆ కంపెనీలో వెలుగు చూడని గాయాలు కనీసం 600 ఉన్నాయని 2023 నవంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ పరిశోధించి ప్రకటించినది. 2022 జూన్‌లో కొందరు ఉద్యోగులు యజమాని ప్రవర్తనను ఆక్షేపిస్తూ బహిరంగ లేఖ వ్రాసినందుకు ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. ఎనిమిది మందిని అక్రమంగా తొలగించారని జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 2024 జనవరిలో అభియోగం మోపగా, కంపెనీ మరునాడే కోర్టుకెక్కి అసలు ఆ బోర్డు నిర్మాణమే రాజ్యాంగ విరుద్ధమని దావా వేసినది. ప్రభుత్వ కాంట్రాక్టు వచ్చినప్పుడు లేని అభ్యంతరం, ప్రభుత్వ బోర్డు ప్రశ్నించినప్పుడు పుట్టుకొచ్చింది! ఇక బెజోస్ కృతజ్ఞతలు చెప్పిన అమెజాన్ ఉద్యోగుల మాట. న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్ గోదాములో వారు 2022 ఏప్రిల్ 1వ తేదీన ఓట్ల ద్వారా యూనియన్‌ను గెలుచుకొన్నారు. కంపెనీ ఆ ఫలితాన్ని అంగీకరించక వివాదం లేవదీసింది. బెజోస్ రోదసి కంపెనీకి మాత్రం 2023 మేలో చంద్రునిపై మనుషులను దింపే నౌక నిర్మాణానికై నాసా 340 కోట్ల డాలర్లు కేటాయించింది.

ఈ గాలి మన దేశానికి కూడా వచ్చింది. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం రోదసి రంగాన్ని ప్రైవేటు కంపెనీలకు తెరిచింది. 2022 నవంబరు 18వ తేదీన హైదరాబాదుకు చెందిన స్కైరూట్ కంపెనీ తయారుచేసిన విక్రమ్ ఎస్ అనే చిన్న రాకెట్టు శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరింది. దాని స్థాపకులు పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా ఇస్రోలో పనిచేసి వచ్చినవారు. తెలుగు యువకులు ఈ పని చేసినందుకు మాకు సంతోషమే. కాని ఆ ఇద్దరికి విద్య నేర్పినదీ, ప్రయోగస్థలం ఇచ్చినదీ, గమనించే రాడార్లు అమర్చినదీ ప్రభుత్వ సంస్థయే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం రాకెట్టు తయారీలో 49 శాతం వరకు, ఉపగ్రహాల తయారీలో 74 శాతం వరకు విదేశీ పెట్టుబడికి ముందస్తు అనుమతి అవసరం లేకుండా తలుపు తెరిచింది.

శ్రీహరికోట ఖాళీ ఇసుకదిబ్బ కాదు. 1971లో అక్కడ మొదటి రాకెట్టు ఎగరకముందు అది యానాదుల నివాసం. వారు తమ అడవినీ మడుగులనూ దేశం కోసమని విడిచిపెట్టారు. 2004 ఫిబ్రవరి 23వ తేదీన అక్కడి ఘన ఇంధన విభాగంలో ప్రమాదం జరిగి ఆరుగురు చనిపోయారు. ఈ ద్వీపంలో ప్రతి వేదిక క్రింద ఇట్టి మూల్యం ఉన్నది. అది ఏ కంపెనీ వాటాల ధరలోనూ కనిపించదు.

కనుక మేము అడిగేవి కొద్దిపాటి విషయాలు. శ్రీహరికోటలోనూ ఇస్రో ప్రయోగశాలలలోనూ ప్రైవేటు కంపెనీలు వాడుకొనే ప్రతి సదుపాయానికి వసూలు చేసే రుసుమును, ఇచ్చే రాయితీని ఏటేటా పార్లమెంటు ముందు పెట్టాలి. ప్రజాధనంతో పుట్టిన పరిజ్ఞానాన్ని అప్పగించినప్పుడు, కంపెనీ లాభాలకు వచ్చిన నాడు ఖజానాకు రావలసిన వాటా ఒప్పందంలోనే వ్రాసి ఉండాలి. ఇంధనాన్ని, పేలుడు పదార్థాలను తాకే ప్రతి మనిషికి, అతడు పర్మినెంటు అయినా కాంట్రాక్టు కూలీ అయినా, ఇస్రో ఉద్యోగికి ఇచ్చే శిక్షణే ఇవ్వాలి. ప్రతి కార్ఖానాలో ఎన్నికైన కార్మిక ప్రతినిధులతో భద్రతా సంఘం ఉండాలి. పరీక్ష జరుగుతున్నప్పుడు ఎవరు ఎన్ని గజాల దూరంలో నిలబడాలో నిర్ణయించే అధికారం ఆ సంఘానికి దక్కాలి.